చలికాలం రాకముందే

కొరింథు పట్టణానికి దగ్గరలో రెండేళ్లకోసారి పెద్ద ఎత్తున క్రీడలు జరిగేవి. గెలిచినవాడి తలపై ఆకులతో అల్లిన కిరీటం పెట్టేవారు. నాలుగు రోజులకే అది వాడిపోయేది. అపొస్తలుడైన పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 9వ అధ్యాయంలో ఆ పందెగాళ్లనే చూపించి, వాడిపోని కిరీటం కోసం పరుగెత్తమని విశ్వాసులను హెచ్చరించాడు. మరి పౌలు కిరీటం ఏది? ఫిలిప్పీ సంఘానికి రాస్తూ ఆయన ఆ మాట దాచుకోలేదు. తాను నేర్పి నిలబెట్టిన ఆ విశ్వాసులే తన ఆనందం, తన కిరీటం అన్నాడు. గురువుకు నిజమైన సన్మానం ఏమిటో మనకు అక్కడే తెలిసిపోతుంది.

మన హైదరాబాదులోనూ అలాంటి కిరీటం పొందిన బడిపంతులు ఒకరున్నారు. ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో పుట్టిన ఆయన చాదర్‌ఘాట్ హైస్కూలుతో సహా నగరంలోని పాఠశాలల్లో పనిచేశారు. 1950 నుంచి హైదరాబాద్ సిటీ పోలీస్ ఫుట్‌బాల్ జట్టుకు శిక్షణ ఇచ్చారు. ఆ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా అయిదేళ్లు బొంబాయి రోవర్స్ కప్పు గెలిచింది. రహీం భారత జట్టుకు కూడా గురువై, 1951లో ఢిల్లీ ఆసియా క్రీడల్లో స్వర్ణం తెప్పించారు.

ఆయన నేర్పే పద్ధతి గమనించదగ్గది. అలవాటైన కాలితో బంతి తన్నకూడదని, బలహీనమైన కాలితోనే ఆడాలని షరతు పెట్టి పోటీలు నడిపేవారు. కుడికాలు అలవాటున్న కుర్రాడు ఎడమకాలితో తడబడితే కోప్పడక ఓపికపట్టేవారు. మన బలాన్ని పొగిడేవాళ్లు చాలామంది దొరుకుతారు. మన బలహీనత దగ్గర కూర్చుని దాన్ని సరిచేసేవాళ్లు ఎందరు?

ఓటమి కూడా ఆయన చూశారు. 1952లో హెల్సింకి ఒలింపిక్స్‌లో, చాలామంది బూట్లు లేకుండానే ఆడిన మన జట్టు యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో ఓడిపోయింది. రహీం తన కుర్రాళ్లను వదిలిపెట్టలేదు. నాలుగేళ్లు తిరిగేసరికి, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో అదే దేశం సెమీఫైనల్ చేరి నాలుగో స్థానంలో నిలిచింది. ఆసియా నుంచి ఒలింపిక్ ఫుట్‌బాల్ సెమీఫైనల్ చేరిన మొదటి జట్టు అదే. సికింద్రాబాదు దగ్గరి అమ్ముగూడకు చెందిన పేదింటి కుర్రవాడు తులసీదాస్ బలరాం ఆ జట్టులో ఉన్నాడు. అతన్ని గుర్తించి, చేరదీసి తీర్చిదిద్దింది రహీమే.

1962 నాటికి ఆయన ఒంట్లో క్యాన్సర్ ఉంది. అయినా జట్టుతో జకార్తా వెళ్లారు. సెప్టెంబరు 4న ఫైనల్. ఎదుట దక్షిణ కొరియా. మైదానం చుట్టూ దాదాపు లక్షమంది జనం, అందులో ఎక్కువమంది మనవాళ్లను గేలిచేస్తున్నవారే. తలకు గాయమై కుట్లు పడిన జర్నైల్ సింగ్ కట్టుతోనే ఆడాడు. పి.కె. బెనర్జీ ఒక గోలు, జర్నైల్ మరో గోలు కొట్టారు. గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్ గోలు ముందు కాపలా కాశాడు. 2-1తో స్వర్ణం మనదయింది. ఆ తర్వాత 2023 వరకు జరిగిన ఏ ఆసియా క్రీడల్లోనూ మన పురుషుల జట్టు మళ్లీ స్వర్ణం గెలవలేదు.

ఆ గెలుపు చూసిన తొమ్మిది నెలలకు, 1963 జూన్ 11న రహీం కన్నుమూశారు. ఆయన జీవితం మీద 'మైదాన్' అనే హిందీ సినిమా 2024లో వచ్చింది. లోకం చప్పట్లు కొట్టడానికి అరవై ఏళ్లు పట్టింది. కానీ ఆయన శిష్యులు అంతకాలం ఆగలేదు. ఆయన కళ్లు చూస్తుండగానే ఇవ్వవలసింది ఇచ్చేశారు.

చెరసాలలో ఉన్న పౌలు తన చివరి దినాల్లో తిమోతిని ఏమడిగాడో రెండవ పత్రిక 4వ అధ్యాయంలో చదువుతాం. త్రోయలో వదిలిన అంగీ, పుస్తకాలు తెమ్మన్నాడు. చలికాలం రాకముందే రమ్మన్నాడు. అంత గొప్ప అపొస్తలుడు కోరినది ఒక వెచ్చని బట్ట, ఒక మనిషి తోడు.

నేలకొండపల్లి మొదలుకొని భద్రాచలం అడవి అంచు ఊళ్లదాకా ఏ హైస్కూలులో చదివినవారినైనా అడగండి. మెడలో విజిల్ వేసుకుని, ఎండలో మనతోపాటు నిలబడ్డ డ్రిల్లు మాస్టారు ఒకరు గుర్తొస్తారు. మన సండేస్కూలు టీచరు, మనకు బాప్తిస్మమిచ్చిన పాత కాపరి కూడా గుర్తొస్తారు. వారిలో చాలామంది ఇప్పుడు విశ్రాంతిలో ఉన్నారు. కొందరు ఒంటరిగా ఉన్నారు. పూర్వ విద్యార్థుల సమ్మేళనంలో శాలువా కప్పి ఫొటో దిగి వచ్చేస్తే మన బాధ్యత తీరినట్టు కాదు. శాలువా పెట్టెలోకి వెళ్తుంది, మాస్టారు మళ్లీ ఒంటరి అవుతారు.

ఈ ఆదివారం ఆరాధన ముగిశాక ఒకరింటికైనా వెళ్దాం. రహీం గారు మన విశ్వాసానికి చెందినవారు కారు. మన మాస్టారు కూడా కాకపోవచ్చు. అయినా ఎవరిని సన్మానించవలసి ఉందో వారిని సన్మానించమని రోమా పత్రిక 13వ అధ్యాయం మనకు నేర్పుతోంది. కాసేపు పక్కన కూర్చుందాం. మందులున్నాయో లేదో కనుక్కుందాం. ఆయన సరిచేసిన మన ఎడమకాలు ఈరోజు ఎక్కడ నిలబడి ఉందో ఆయనకు చెబుదాం. ఆయన కిరీటం మనమే గనుక, అది ఆయన కంటపడాలి. చలికాలం రాకముందే వెళ్దాం.