కారు ఇంజన్ శీతలీకరణ ఫ్యాను: విద్యుత్ లోపాలను గుర్తించే పద్ధతి

ఉద్దేశాలు

ఈ భాగాన్ని చదివిన తరవాత మీరు:
• ఫ్యానుకు సంబంధించిన పవర్ వలయాన్నీ, నియంత్రణ వలయాన్నీ వేరుగా గుర్తించగలుగుతారు.
• లోపం ఏ వలయంలో ఉందో వరుస పరీక్షలతో నిర్ణయించగలుగుతారు.
• వోల్టేజి పతనాన్ని లెక్కగట్టి వివరించగలుగుతారు.

పరిచయం

మే నెల మధ్యాహ్నం. మామిడిపల్లికి చెందిన ఒక క్యాబ్ డ్రైవరు శంషాబాద్ విమానాశ్రయం దగ్గర ఏసీ వేసుకుని ప్రయాణికుల కోసం ఆగి ఉన్నాడనుకోండి. దారిలో ఉన్నంతసేపు సరిగ్గా ఉన్న ఉష్ణోగ్రత ముల్లు, బండి ఆగిన కొద్ది నిమిషాలకే పైకి పోతోంది. ఎందుకు? బండి వేగంగా పోతున్నప్పుడు ఎదురుగాలి రేడియేటర్‌ను చల్లబరుస్తుంది. ఆగినప్పుడు ఆ పని ఫ్యాను ఒక్కటే చేయాలి. కాబట్టి ఈ లక్షణం కనిపిస్తే మొదట ఫ్యానును అనుమానించాలి.

అంబాసిడర్ వంటి పాత కార్లలో ఇంజనే బెల్టు ద్వారా ఫ్యానును తిప్పేది. 1983లో వచ్చిన మారుతి 800 వంటి కార్లలో ఇంజనును అడ్డంగా అమర్చడంతో ఫ్యానుకు విడిగా విద్యుత్ మోటారు పెట్టారు. మోటారుతో పాటు ఫ్యూజు, రిలే, కనెక్టర్లు వచ్చాయి. ఊహ మీద ఆధారపడి వీటిని ఒక్కొక్కటే మారుస్తూ పోతే డబ్బు ఖర్చవుతుంది, లోపం అలాగే ఉండిపోవచ్చు. ఈలోగా ఇంజన్ మితిమీరి వేడెక్కితే హెడ్ గ్యాస్కెట్ పాడవుతుంది, సిలిండర్ హెడ్ వంగిపోవచ్చు.

జాగ్రత్తలు

వేడి ఇంజన్ మీద రేడియేటర్ మూత తీయకండి. లోపలి పీడనం వల్ల నీరు 100 డిగ్రీల సెల్సియస్ దాటినా మరగకుండా ఉంటుంది. మూత తీయగానే ఆవిరై మీదికి చిమ్ముతుంది. కొన్ని కార్లలో ఇంజన్ ఆపినా ఫ్యాను హఠాత్తుగా తిరుగుతుంది, చేతులు దూరంగా ఉంచండి. ఇంజన్ చల్లారాక ముందుగా కూలెంట్ మట్టం చూడండి. అది తగ్గి ఉంటే లోపం విద్యుత్తుది కాకపోవచ్చు.

రెండు వలయాలు

బ్యాటరీ నుంచి ఫ్యూజు, రిలే స్పర్శల గుండా మోటారుకు, అక్కడి నుంచి ఎర్త్‌కు పోయే దారి పవర్ వలయం. ఇందులో దాదాపు 20 ఆంపియర్లు ప్రవహించవచ్చు. ఉష్ణోగ్రత సెన్సర్ చెప్పిన దాన్నిబట్టి కంప్యూటర్ రిలేలోని తీగచుట్టకు కరెంటు ఇచ్చే దారి నియంత్రణ వలయం. ఇందులో ఒక ఆంపియర్‌లో చిన్న భాగమే ప్రవహిస్తుంది. సాధారణ రిలే మీద 85, 86 తీగచుట్ట కొసలు. 30, 87 స్పర్శల కొసలు.

పరీక్షా క్రమం

ఒకే ఫ్యాను, ఒకే రిలే ఉన్న కారును తీసుకుందాం.

1. ఇంజన్ నడుస్తుండగా ఏసీ వేయండి. చాలా కార్లలో దానితో ఫ్యాను కూడా తిరగాలి. తిరిగితే మోటారు, ఫ్యూజు, రిలే పనిచేస్తున్నట్లే. సెన్సర్ వైపు చూడాలి.
2. తిరగకపోతే ఫ్యూజు చూడండి. అదే రేటింగు గల కొత్త ఫ్యూజు కూడా కాలిపోతే మోటారు బిగుసుకుపోయి ఉండాలి, లేదా తీగ ఎర్త్‌కు తగులుతూ ఉండాలి. పెద్ద ఫ్యూజు వేస్తే ఈసారి తీగే కాలుతుంది.
3. మోటారు కనెక్టరు తీసి, ఫ్యూజు ఉన్న తీగతో బ్యాటరీ నుంచి నేరుగా కరెంటు ఇవ్వండి. తిరగకపోతే లోపం మోటారుదే. ఎలక్ట్రానిక్ మాడ్యూల్‌తో వేగం మారే ఫ్యాన్లకు ఈ పరీక్ష చేయకూడదు.
4. మోటారు తిరిగితే రిలే చూడండి. 85, 86 మధ్య 12 వోల్టులు ఉండి, 30 దగ్గర కరెంటు ఉన్నా 87కు రాకపోతే రిలే చెడింది. 85, 86 మధ్య వోల్టేజి లేకపోతే లోపం నియంత్రణ వలయంలో ఉంది.

వోల్టేజి పతనం

అన్నీ బాగున్నట్లు కనిపిస్తాయి, కనెక్టరు దగ్గర మీటరు 12 వోల్టులు చూపిస్తుంది, అయినా ఫ్యాను నీరసంగా తిరుగుతుంది. చాలామంది ఇక్కడే పొరబడి మంచి మోటారును మారుస్తారు.

ఓమ్ నియమంతో చూద్దాం. 12 వోల్టుల వద్ద 20 ఆంపియర్లు తీసుకునే మోటారును సులభం కోసం 0.6 ఓమ్‌ల నిరోధంగా భావిద్దాం. తుప్పు పట్టిన కనెక్టరు 0.2 ఓమ్‌లు చేర్చిందనుకోండి. మొత్తం నిరోధం 0.8 ఓమ్‌లు, కరెంటు 15 ఆంపియర్లు. కనెక్టరు దగ్గర 3 వోల్టులు పోయి, మోటారుకు 9 వోల్టులే అందుతాయి. దాని సామర్థ్యం 240 వాట్ల నుంచి 135 వాట్లకు పడిపోతుంది. కనెక్టరులో 45 వాట్ల వేడి పుడుతుంది. అది గోధుమరంగుకు మారి కరిగిపోవడానికి ఇదే కారణం.

మరి మీటరు 12 ఎందుకు చూపింది? కనెక్టరు విప్పి కొలిచారు కాబట్టి. కరెంటు లేనిదే పతనం లేదు. అందువల్ల మోటారు తగిలించి, తిరుగుతుండగానే కొలవాలి. బ్యాటరీ ధన కొస నుంచి మోటారు ధన కొస వరకు, మోటారు రుణ కొస నుంచి బ్యాటరీ రుణ కొస వరకు విడివిడిగా చూడండి. ప్రతి వైపూ పతనం అర వోల్టు లోపు ఉండాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

ఫ్యాను తిరుగుతుండగా ధన వైపు పతనం 0.3 వోల్టులు, రుణ వైపు 2.8 వోల్టులు ఉంది. ఏ భాగాన్ని సరిచేయాలి?

సమాధానం: ఎర్త్ తీగను, దాని బోల్టును శుభ్రం చేసి బిగించాలి. మోటారు మార్చనక్కరలేదు.

సారాంశం

మొదట లోపం ఏ వలయంలో ఉందో తేల్చుకోండి, తరవాత ఆ వలయంలో ఏ భాగమో చూడండి. కరెంటు ప్రవహిస్తుండగా కొలిచిన వోల్టేజినే నమ్మండి. కొలవకుండా ఏ భాగాన్నీ మార్చకండి.