ఒకే గుడికి మూడు ఫొటోలెందుకు?

జడ్చర్ల దగ్గర ఆల్వాన్‌పల్లిలో గొల్లత్తగుడి ఉంది. రాయితో కాదు, ఇటుకలతో కట్టిన పాత జైన గుడి. అలాంటివి మనకు చాలా అరుదు! మిట్టమధ్యాహ్నం దాన్ని ఫొటో తీస్తే ఆకాశం తెల్లగా పాలిపోతుంది, లేదంటే నీడలోని ఇటుకలు నల్లబడతాయి. ఎందుకు? మన కన్ను చూసేంత వెలుగునీడల తేడాను కెమెరా సెన్సర్ ఒక్క ఫొటోలో పట్టలేదు.

అందుకే బ్రాకెటింగ్, అంటే ఒకే దృశ్యాన్ని వేర్వేరు వెలుగుల్లో తీయడం. ఫొటోల మధ్య వెలుగు తేడాను ఒక స్టాప్‌కు పెడితే కెమెరా మూడు ఫొటోలు తీస్తుంది: మామూలుగా ఒకటి, సగం వెలుగుతో ఒకటి, రెట్టింపు వెలుగుతో ఒకటి. ఒకదాంట్లో ఆకాశం, మరోదాంట్లో నీడలోని ఇటుకలు బాగా వస్తాయి; తర్వాత వాటిని కలుపుకోవచ్చు.

తర్వాత ప్లేబ్యాక్ నొక్కండి. ఎండలో తెర మోసం చేస్తుంది, ఫొటోలోని వెలుగునీడలను చూపే గ్రాఫ్, హిస్టోగ్రామ్‌నే నమ్మండి. సగం వెలుగు ఫొటోలో కూడా అది కుడి అంచుకు ఆనుకుపోతే ఆకాశంలోని మబ్బుల వివరాలు పోయినట్టే. జూమ్ చేసి ఇటుకల అతుకులు స్పష్టంగా ఉన్నాయో లేదో చూడండి. గుడి దగ్గర నుంచి కదలకముందే ఈ పని చేయండి.