గుఱియంత్రముల పట్టిక

చేవెళ్ళలోగాని మొయినాబాదులోగాని మీసేవా కేంద్రమునకు బోయినవారికి "సర్వరు డౌను" అను మాట క్రొత్త కాదు. ఆదాయ ధ్రువపత్రమునకై పోయినను, పహాణీ నకలునకై పోయినను, ఎప్పుడో యొకప్పుడు ఆ మాట వినియే యుందుము. చెప్పెడి చిన్నవానికిని దాని వెనుక నేమి జరిగినదో తెలియదు. తెర కదలకున్నదని మాత్రమే వాడెఱుగును. ఆ రెండు మాటలు పెద్ద దుప్పటివంటివి. వాని క్రింద పలువిధముల లోపములు ముసుగు తన్ని పరుండును. తీగ తెగుటయు నందున్నది, కరెంటు పోవుటయు నందున్నది. వానిలో నొక్క లోపమును గుఱించి నేడు మనవి చేసెదను. అది యంత్రము చెడుటవలన గలుగునది కాదు. క్రొత్త ప్రోగ్రాము చేరవలసిన చోట్లలో నొక చోటికి చేరకపోవుటవలన గలుగునది.

మన గ్రామముల పిల్లలు గచ్చిబౌలిలోను నానక్‌రాంగూడలోను కొలువులు చేయుచున్నారు. "ఈ రాత్రి రిలీజు ఉన్నది, భోజనమునకు నా కొఱకు చూడవలదు" అని వారు ఫోను చేయుట మీకందఱకును అనుభవమే. రిలీజు అనగా సిద్ధమైన ప్రోగ్రామును వాడుకలోనికి విడుచుట. పగలు జనులు దానిని వాడుచుందురు గావున ఈ పని తఱచు రాత్రులయందు జరుగును. ప్రోగ్రామును ఆయా యంత్రములలో నెలకొల్పుటను డిప్లాయ్‌మెంటు అందురు. సేనలను మోహరించుటకు వాడెడి మాట అది. ఏ యంత్రములలో నెలకొల్పవలెనో అవి డిప్లాయ్‌మెంట్ టార్గెట్లు. లక్ష్యములని తెనిగింపవచ్చును గాని, వ్యాకరణము చదివినవారికి లక్ష్యమనగా ప్రయోగము, లక్షణమనగా సూత్రము. ఆ తగవు మనకేల? గుఱియంత్రములందము.

ఒకే ప్రోగ్రామునకు పెక్కు యంత్రములేల యని మీరడుగవచ్చును. పెండ్లిపంక్తులలో ఐదువందలమంది కూర్చుండగా ఒక్కడే సాంబారు బొక్కెన పట్టుకొని తిరుగజాలడు. ఒకే వంటను ఎనిమిది బొక్కెనలలో నింపి ఎనమండుగురు వడ్డింతురు. వడ్డించువాడెవడైనను తినువారికి రుచి యొక్కటియే. పెద్ద పోర్టలుల నడకయు నిట్టిదే. 2020 అక్టోబరు 29న ధరణి ప్రారంభమైన పిదప వ్యవసాయభూముల రిజిస్ట్రేషను తహశీలు కార్యాలయములకు వచ్చినది. 2025 ఏప్రిల్ 14న దాని స్థానమున భూభారతి వచ్చినది. తహశీలు కార్యాలయములో మీరు చూచెడి కంప్యూటరు కిటికీ మాత్రమే. ఇట్టి పద్ధతులలో ప్రోగ్రాము దూరమున నెక్కడనో వరుసగా నిలిపిన యంత్రములపై నడచును. మీ విన్నపము వానిలో దేనికి జేరినదో మీకును తెలియదు, గుమాస్తాకును తెలియదు.

ఇప్పుడొక బొక్కెనలో నిన్నటి సాంబారు మిగిలినదనుకొనుడు. ఒకే కార్యాలయమున ఒకే గుమాస్తా ఒకే సర్వే నంబరును పది నిమిషముల తేడాతో నడిగినను, ఒకమాఱు క్రొత్త లెక్కయు ఒకమాఱు పాత లెక్కయు కనబడవచ్చును. ఫలానా పోర్టలులో నిట్లు జరిగినదని నేను చెప్పుట లేదు. ఇట్టి కూర్పులో జరుగుటకు వీలు కలదని చెప్పుచున్నాను. పూర్తిగా చెడిన యంత్రమును అందఱును చూతురు. ఎనిమిదింటిలో నొక్కటి తప్పు చెప్పుచుండగా, పరీక్షింప వచ్చినవానికి ఏడు మాఱులు సరిగానే కనబడును. వాడు ఫిర్యాదు చేసిన రైతుదే పొరపాటని తేల్చి పోవును.

ఇది క్రొత్త చిక్కు కాదు. 1998 నవంబరు 4న ఉమ్మడి ఆంధ్రప్రదేశమున రిజిస్ట్రేషను శాఖవారు "కార్డు" అను కంప్యూటరు పద్ధతిని ప్రారంభించినప్పుడు, రెండువందలకు మించిన సబ్‌రిజిస్ట్రారు కార్యాలయములలో యంత్రములు వెలసెను. నాడు ఏ కార్యాలయపు దస్తావేజులు ఆ కార్యాలయపు యంత్రమునందే యుండెడివి. అట్టి యేర్పాటులో రుసుము లెక్క మాఱినచో ఆ మార్పు ప్రతి చోటికిని చేరవలెను. చేరని చోట పాత రుసుమే. పటేలు పట్వారీల కాలమున సర్కారువారి హుకుము అందని గ్రామములో పాత పద్ధతియే సాగినట్లు.

రెండు మూడు యంత్రములున్నప్పుడు ఒక మనిషి ఒక్కొక్కదానిలో ప్రోగ్రామును స్వయముగా నకలు చేయగలడు. ఇరువదియైనచో నొకదానిని మఱచును. అందువలన ఈ పనికే ప్రత్యేకముగా సాఫ్టువేరులు పుట్టినవి. ఆస్ట్రేలియా దేశమున బుట్టిన "ఆక్టోపస్ డిప్లాయ్" అట్టివానిలో నొకటి. ఆక్టోపస్ అనగా ఎనిమిది చేతుల సముద్రజంతువు. నడుమ నొక ప్రధానయంత్రముండును. గుఱియంత్రమునందు దాని చేయివంటి చిన్న ప్రోగ్రామును ఉంచుదురు. దానికి "టెంటకిల్" అని పేరు. ప్రధానయంత్రము చెప్పగా ఆ చేయి క్రొత్త ప్రోగ్రామునందుకొని, నెలకొల్పి, "అయినది" యనియో "కాలేదు" అనియో కబురు పంపును.

ఎవడో దుర్మార్గుడు తానే ప్రధానయంత్రమని నటించి విషపు ప్రోగ్రామును పంపినచో నేమి గతి? అందుకై యంత్రములు రెండును తమ ముద్రలను ముందుగానే ఇచ్చిపుచ్చుకొనును. ఆ ముద్రను ఆ విద్యలోనివారు బొటనవ్రేలి ముద్ర యనియే పిలుతురు! మన తాతలు దస్తావేజుమీద వేసిన నిశానీవంటిదే. ఇది సిరాతో గాక అంకెలు అక్షరముల వరుసగా నుండును. ముద్ర కలియనిచో తలుపు తెఱచుకొనదు.

రాకపోకలును రెండు విధములు. ఒకదానిలో గుఱియంత్రము చెవియొగ్గి కూర్చుండును. తపాలా బంట్రోతు ఇంటికి వచ్చినట్లు ప్రధానయంత్రమే వచ్చి పిలుచును. బయటివారు లోనికి రాగూడదను కట్టడి గల చోట్ల ఇది పొసగదు. అచ్చట గుఱియంత్రమే మాటిమాటికి బోయి, మనము పోస్టాఫీసులో నుత్తరము అడిగినట్లు, "నా కేమైన వచ్చినదా" యని యడుగును.

ఇక పట్టిక. అందులో ప్రతి యంత్రమునకును పేరు, చిరునామా, అది చేయు పని, అది యే మడిలోనిదో వ్రాయవలెను. మడి యనుట నా మాట. వారు ఎన్విరాన్‌మెంటు అందురు. మనము వడ్లను నారుమడిలో మొలిపించి పిదప పొలమున నాటుదుము గదా. ప్రోగ్రామును కూడ ముందు వ్రాసినవారి మడిలోను, పిదప పరీక్షమడిలోను, తుదకు జనులు వాడెడి మడిలోను నాటుదురు. పరీక్షమడిలో నెగ్గనిదానిని ముందునకు పోనీయకుండ సాఫ్టువేరే అడ్డగించునట్లు ఏర్పాటు చేయవచ్చును. పనియు ముఖ్యమే: కొన్ని యంత్రములు పుటలను చూపును, కొన్ని లెక్కలను దాచును, దేనికి పంపవలసినది దానికే పంపవలెను. పట్టికలో తప్పు వ్రాసినచో సాఫ్టువేరు ఆ తప్పును మిక్కిలి శ్రద్ధతో నెరవేర్చును.

పట్టిక వ్రాయుట ఒకనాటి పని, దానిని సత్యముగా నుంచుట నిత్యపు పని. నా దృష్టిలో నిందే యెక్కువ అజాగ్రత్త కలదు. మన ఓటర్ల జాబితాను చూడుడు. చనిపోయినవారి పేర్లు నిలిచియుండును, కాపురమునకు వచ్చిన కోడలి పేరు ఎక్కదు. యంత్రములకును అదే గతి. పాతవానిని తొలగింతురు, క్రొత్తవి తెత్తురు. జనసమ్మర్దము గల వేళల పుట్టి, కొన్ని గంటలలో రద్దగు యంత్రములును నేడు కలవు. పుట్టినది తనంతట పట్టికలోనికెక్కి, నేటి ప్రోగ్రామును గ్రహించిన పిదపనే జనులకు బదులు చెప్పవలెను. పోయినదాని పేరు కొట్టివేయవలెను. దీనికై ప్రధానయంత్రము నియమితకాలమున ప్రతిదానిని పలుకరించి, "ఉన్నావా? నీలో చోటున్నదా?" యని విచారించును. వైద్యుడు నాడి చూచినట్టిదే యిది.

పలుకరించినప్పుడు పలుకని యంత్రముండినచో నేమి చేయవలెను? దానిని విడిచి తక్కినవానికి పంపవచ్చును. లేదా అంతయు నిలిపివేయవచ్చును. సాఫ్టువేరు రెండింటికిని ఒప్పును, నిర్ణయము మనిషిది. విడిచినది రెండు దినములకు మేల్కాంచి పాత ప్రోగ్రాముతోనే పనికి దిగినచో నదియే నిన్నటి సాంబారు బొక్కెన. ప్రకటనలు చూపు యంత్రములయందు విడుచుట క్షమింపదగును. భూమికిని ధనమునకును సంబంధించిన చోట నిలుపుటయే నాకు ధర్మముగా తోచును, రిలీజు ఒకరాత్రి ఆలస్యమైనను సరే.

ఈ యుపేక్ష యెంతవఱకు దెచ్చునో అమెరికాలోని నైట్ కాపిటల్ అను షేర్ల వ్యాపారసంస్థ చరిత్రము చెప్పును. షేర్ల ఆజ్ఞలను పంపుటకు వారికి ఎనిమిది యంత్రములుండెను. 2012 జులై 27 మొదలుకొని కొన్ని దినములలో వానియందు క్రొత్త ప్రోగ్రామును నెలకొల్పిరి. ఏడింటికి జేరినది, ఎనిమిదవదానిని పనివాడు మఱచెను. రెండవవాడు సరిచూడవలెనను వ్రాతనియమము లేదు. 2003లో వాడుక మానిన పాత ప్రోగ్రామొకటి ఆ ఎనిమిదవదానిలో నిద్రించుచుండెను. పూర్వము దానిని మేలుకొల్పిన సంకేతమునే ఇప్పుడు క్రొత్తదానికి నియమించిరి. ఎనమండుగురు పురోహితులలో నేడుగురకు క్రొత్త పంచాంగమును, ఒకనికి నిరుటిదియు నున్నట్లాయెను. అందఱును అదే తిథి పేరు చెప్పుదురు. ఒకడు తెఱచు పుట వేఱు.

ఆగస్టు 1వ తేదీ ఉదయము బజారు తెఱచినది. ఆ యొక్క యంత్రము పాత బుద్ధితో కొనుగోళ్ళు అమ్మకములు ఎడతెగక సాగించెను. 45 నిమిషములలో 40 లక్షల బేరములు కుదిరినవి. నష్టము 46 కోట్ల డాలర్లకు పైమాటయే. బజారు తెఱచుటకు ముందే యంత్రములు తమంతట 97 ఈమెయిళ్ళు పంపి యేదో తప్పున్నదని సూచించినవి. వానిని పట్టించుకొన్నవాడు లేడు. అంతకంటె విచారకరమైనది మఱొకటి. నష్టము చూచి బెదరినవారు దోషము క్రొత్త ప్రోగ్రాముదే యని తలచి, సరిగా నున్న ఏడు యంత్రములనుండియు దానిని తీసివైచిరి. దానితో ఆ ఏడింటిలోను పాతది మేలుకొన్నది! ఏ యంత్రములో నేమున్నదో చూపెడి పట్టిక ఆ క్షణమున వారి కన్నుల యెదుట నున్నచో ఎనిమిదవదానిని మాత్రము నిలిపి బయటపడియుందురు. మఱుసటి యేడే ఆ సంస్థ వేఱొక సంస్థలో కలిసిపోయెను. ఆ యేటనే అక్కడి ప్రభుత్వ నియంత్రణ సంస్థ 1 కోటి 20 లక్షల డాలర్ల జరిమానా కూడ విధించెను.

ఒకదానికి చేరకపోవుట ఒక యాపద కాగా, అన్నింటికిని ఒక్కుమ్మడిగా చేరుట మఱొకటి. 2024 జులై 19న, మన గడియారము ప్రకారము ఉదయము తొమ్మిదిన్నర దాటిన పిమ్మట, క్రౌడ్‌స్ట్రైక్ అను సంస్థ యంత్రములకు కాపలా కాయు తన ప్రోగ్రామునకు చిన్న మార్పునొకదానిని లోకమంతటికిని ఒకేసారి పంపెను. అందులో దోషముండెను. మైక్రోసాఫ్టువారి అంచనా ప్రకారము 85 లక్షల కంప్యూటరులు కుప్పగూలెను. మనకు దగ్గఱనున్న శంషాబాదు విమానాశ్రయమున ప్రయాణికులకు చేతితో వ్రాసిన బోర్డింగు పాసులిచ్చిరి. 78 నిమిషములలో సంస్థవారు తప్పును సవరించిరి గాని, పడిపోయిన యంత్రము సవరణను అందుకొనలేదు గదా! పెక్కింటిని మనుషులు ఒక్కొక్కదాని యొద్దకు బోయి లేపవలసివచ్చెను. ఇకమీదట విడతలు విడతలుగా పంపెదమని పిదప ఆ సంస్థ ప్రకటించినది.

విడతల పద్ధతి మనకు తెలియనిది కాదు. భూభారతి చట్టమును అమలులోనికి దెచ్చునప్పుడు ముందు మద్దూరు, లింగంపేట, వెంకటాపురము, నేలకొండపల్లి అను నాలుగు మండలములను నమూనాగా గైకొని రెవెన్యూ సదస్సులు జరిపిరి. మే నెలలో మఱి 28 మండలములు, జూనులో రాష్ట్రమంతట. అది చట్టమునకు సంబంధించినది, ఇది ప్రోగ్రామునకు సంబంధించినది, అయినను క్రమమొక్కటే. ఎనిమిది యంత్రములున్నచో ఒకదానిని జనుల రాకనుండి ప్రక్కకు దీసి, క్రొత్తది నెలకొల్పి, పరీక్షించి, మరల పంక్తిలో నిలుపుదురు. అది బాగుగా వడ్డించుచున్నదని చూచి రెండవదాని జోలికి బోదురు. చెడినచో పాతదానికి మరలు త్రోవను ముందే సిద్ధపఱతురు. ఇట్లు చేయుటవలన కొంతసేపు పాతదియు క్రొత్తదియు ప్రక్కప్రక్కన నడచును. ఆ కొంతసేపు రెండును ఒకదాని లెక్క నొకటి చెఱుపకుండునట్లు ప్రోగ్రామును వ్రాయువారు చూచుకొనవలెను. నిజమైన కష్టమిదియే, దీనికి సాఫ్టువేరు సాయపడదు.

తెరమీద నొకమాఱు ఒక విస్తీర్ణము, మఱొకమాఱు వేఱొకటి కనబడినచో మీరేమి చేయవలెను? కోపించి వచ్చివేయవలదు, "సర్వరు డౌను" అను సమాధానముతో తృప్తి పడవలదు. దరఖాస్తు సంఖ్యను, కనబడిన రెండు లెక్కలను, ప్రతిదాని ప్రక్కన గంటను నిమిషమును కాగితముమీద వ్రాసి విన్నపముతో జతపఱచుడు. చక్కగా నడచు చోట ఏ విన్నపమునకు ఏ యంత్రము ఎప్పుడు బదులు చెప్పినదో చిట్టా యుండును. ఆ నిమిషమును బట్టి, ఎనిమిదింటిలో నాడు పలికినది యేదో, అప్పుడు దానిలోనున్నది యే తేదీ ప్రోగ్రామో, తెలిసినవాడు వెదకి పట్టగలడు.