వార్తల్లో పదం: ఇమేజ్ కంప్రెషన్

ఫోన్‌తో తీసిన ఫొటో 4,000 పిక్సెళ్ల వెడల్పుతో నాలుగైదు ఎంబీలు తూగుతుంది. వెబ్‌పేజీలో కనిపించేది చాలాసార్లు 800 పిక్సెళ్లే. మిగతాదంతా చూసేవారి డేటాకు దండగ. ఆ బరువు దించే మార్గాల్లో ఒకటి ఇమేజ్ కంప్రెషన్. వెలుగునీడల తేడాను పట్టినంత చురుగ్గా మన కన్ను రంగుల తేడాను పట్టలేదు. అందుకే 1992 నాటి జేపెగ్ ఫొటో ఫార్మాట్ నుంచీ రంగుల వివరాన్నే ఎక్కువగా కుదిస్తున్నారు. 2010లో గూగుల్ తెచ్చిన వెబ్‌పీ ఫార్మాట్, అదే నాణ్యతకు జేపెగ్ కన్నా 25-34 శాతం చిన్న ఫైలు ఇస్తుందని ఆ సంస్థ లెక్క.

వెబ్‌సైట్ తయారీకి సైట్ బిల్డర్ సాధనాలు వాడేవారికి బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్లు ఈ పని అప్‌లోడ్‌కు ముందే చేసిపెడతాయి. కొన్ని మన కంప్యూటర్లోనే కుదిస్తే, కొన్ని తమ సర్వర్‌కు పంపుతాయి. కుటుంబ ఫొటోలైతే అవి ఎక్కడికి వెళ్తున్నాయో చూసుకోవడం తప్పనిసరి. అసలు ఫొటోనూ విడిగా దాచాలి; జేపెగ్‌లో పోయిన వివరం మళ్లీ రాదు.