సేనాధిపతి లుడ్విగ్ బెక్

యుద్ధములలో జయము గాంచిన సేనానుల కథలు మన విద్యార్థులకు మిక్కిలి ప్రియమైనవి. నెపోలియను పేరును, రొమెల్ పేరును వారు ఉత్సాహముతో పలుకుదురు. ఈ మారు మేము, గెలిచిన యుద్ధమొక్కటియు లేని జర్మను సేనాధిపతిని గూర్చి వ్రాయదలచితిమి. పై అధికారి యాజ్ఞను సైనికుడు ఎంతవరకు పాటింపవలెనను ప్రశ్నను ఆయన జీవితమువలె సూటిగా మన యెదుట నిలుపునవి అరుదు.

లుడ్విగ్ బెక్ 1880 జూన్ 29వ తేదీన రైను నది యొడ్డునగల బీబ్రిక్ అను ఊర జన్మించెను. తండ్రి ఇనుప కార్ఖానా నడపుచునే, ఇనుము చరిత్రను అయిదు సంపుటములుగా రచించిన పండితుడు. కుమారునికిని చదువునందు అట్టి పట్టుదలయే అబ్బెను. 1898లో ఉన్నత పాఠశాల చదువు ముగించి బెక్ స్ట్రాస్‌బర్గు నగరమునందలి ఫిరంగి దళమున చేరెను. ఆ నగరము నాడు జర్మనీది, నేడు ఫ్రాన్సుది. హద్దులు మారినను జనులు అచటనే యుందురని మన ప్రాంతమువారికి వేరుగ చెప్పనేల! మొదటి ప్రపంచ యుద్ధకాలమున ఆయన పశ్చిమ రంగమున పనిచేసెను. 1916లో వివాహమయ్యెను, మరుసటి సంవత్సరమే భార్య క్షయవ్యాధిచే మరణించెను. పసికందైన కుమార్తెను ఆయనయే పెంచెను.

ఇచట 'జనరల్ స్టాఫు' అననేమో చెప్పవలసియున్నది. సైన్యమునకు పోరాడు దళములు చేతులైన, ఇది మెదడు. ఏ దళము ఏ దారిన పోవలెను, ఎన్ని రైళ్ళు కావలెను, తిండియు తుపాకిమందును ఎన్నాళ్ళకు చాలును అని ముందుగ లెక్కవేయువారే దీనిలోని అధికారులు. 1919 నాటి వెర్సేల్సు సంధి జర్మను సైన్యమును లక్షమందికి పరిమితము చేసి, జనరల్ స్టాఫును నిషేధించెను. జర్మనులు దానిని వేరొక పేరుతో నడపుకొనిరి. 1933 అక్టోబరులో ఆ కార్యాలయమునకు బెక్ అధిపతి యయ్యెను. 1935లో దానికి పాత పేరే తిరిగి వచ్చెను. సైన్యమును నడపు విధానమును గూర్చి ఆ రోజులలో వెలువడిన నిబంధన గ్రంథమునకు ప్రధాన రచయిత ఆయనయే.

ఒక సంగతి దాచుట న్యాయము గాదు. 1933లో హిట్లరు అధికారమునకు వచ్చినపుడు బెక్ సంతోషించెను. అంతకు మూడేండ్ల ముందు, సైన్యములో నాజీ ప్రచారము చేసిరని విచారింపబడిన యువకాధికారుల పక్షమున ఆయన సాక్ష్యము కూడ పలికెను. దేశమునకు పూర్వబలము చేకూరునను ఆశ ఆయన కన్నులు కప్పినదని మా యభిప్రాయము. 1934 ఆగస్టు 2వ తేదీన, సైనికులందరు రాజ్యాంగమునకుగాక హిట్లరునకే విధేయులమని ప్రమాణము చేయవలసివచ్చినపుడు బెక్ మనస్సు కలతపడెను. అయినను ప్రమాణము చేసెను.

1938లో హిట్లరు చెకోస్లోవేకియాపై దండెత్త సంకల్పించెను. బెక్ దీనికెదురుగ పత్రము వెంట పత్రము వ్రాసెను. వానిలో ముందుగ కానవచ్చునది లెక్కయే: ఫ్రాన్సు, బ్రిటను కలసి వచ్చినచో జర్మనీ ఓడితీరునని. కాని జూలై మాసమునాటి పత్రములో ఆయన లెక్కను దాటి పోయెను. తెలివియు, అంతరాత్మయు, బాధ్యతయు ఒక యాజ్ఞను నిషేధించునెడ సైనికుని విధేయత అచట ఆగవలెనని వ్రాసెను. సేనాధిపతులందరు ఒక్కుమ్మడిగ రాజీనామా చేసినచో యుద్ధము సాగదని ఆయన యుపాయము. ఆగస్టు 4వ తేదీన వారు సమావేశమైరి. బెక్ వాదము సరియైనదేనని పెక్కుమంది తలయూచిరి. రాజీనామాకు మాత్ర మెవ్వరును ముందుకు రాలేదు.

బెక్ ఒంటరిగ ఆ నెలలోనే రాజీనామా చేసెను. ఈ వార్త బయటికి పొక్కరాదని హిట్లరు కోరగా అందుకు సమ్మతించెను. ఆయన జీవితములో మాకు మిక్కిలి దుఃఖము కలిగించు ఘట్టమిదియే. నోరు విప్పవలసిన వేళ ఆ నోరు మూతపడెను. ప్రజలకు గాని పరదేశములకు గాని సంగతి సకాలమున తెలియదాయెను. సెప్టెంబరు చివర మ్యూనికులో బ్రిటను, ఫ్రాన్సు హిట్లరునకు లొంగిపోవుటతో, ఓటమి తప్పదన్న బెక్ లెక్కను నమ్మువారే కరవైరి.

అటుపిమ్మట ఆయన బెర్లినులో నిరాడంబరముగ జీవించెను. పండితుల 'బుధవార సంఘము'లో చేరి వ్యాసములు చదివెను. మరియొక వంక, హిట్లరును తొలగింపజూచు రహస్యకూటమికి పెద్దదిక్కయ్యెను. 1943లో కాన్సరు వ్యాధికి శస్త్రచికిత్స జరిగి శరీరము చిక్కిపోయినను వెనుదీయలేదు. 1944 జూలై 20వ తేదీన స్టౌఫెన్‌బెర్గ్ అను అధికారి హిట్లరు శిబిరమున బాంబు నుంచెను. ప్రయత్నము ఫలించినచో రాజ్యాధిపతి కావలసినవాడు బెక్. సాధారణ పౌరుని దుస్తులతో ఆయన బెర్లినులోని సైనిక కార్యాలయమునకు వచ్చెను. హిట్లరు బ్రదికెనను వార్త వచ్చిన వెనుకను, ఫోనుపై సేనాపతులను కూడగట్ట యత్నించెను. ఆ రాత్రియే బంధింపబడి అచ్చటనే ప్రాణములు కోల్పోయెను. స్టౌఫెన్‌బెర్గును, మరి ముగ్గురు సహచరులును ముంగిట కాల్చబడిరి. పూడ్చిన మృతదేహములను సైతము నాజీలు త్రవ్వి తీసి, కాల్చి, బూడిదను చల్లివేసిరి.

1956లో పశ్చిమ జర్మనీ క్రొత్త సైన్యమునకై చేసిన చట్టములో, నేరము చేయించు ఆజ్ఞను సైనికుడు పాటింపరాదని స్పష్టముగ వ్రాయబడెను. బవేరియాలోని సోంతోఫెన్ పట్టణమున, నాజీలు తమ భావి నాయకులకు శిక్షణ నిచ్చుటకు కట్టించిన పెద్దభవనము గలదు. ఆ క్రొత్త సైన్యము దానిలో విడిది చేసినపుడు దానికి బెక్ పేరు పెట్టిరి.