ఖాళీ చోటుకు కాపలా ఎందుకు?

అమెరికాలో అబ్బాయి దగ్గర కొన్నాళ్లుండి వచ్చిన ఒక పాఠకుడు అడిగారు: ‘వాళ్ల ఫుట్‌బాల్‌లో బంతి అందుకునేవాడు పక్కనుంచే దూసుకుపోతుంటే, డిఫెండర్ వాణ్ణి వదిలేసి ఖాళీ చోట నిలబడతాడేమిటండీ?’ ఆ ఆటలో ఇంతకన్నా మంచి ప్రశ్న లేదు.

ముందుగా నాలుగు ముక్కలు. జట్టుకు పదకొండు మంది. క్వార్టర్‌బ్యాక్ బంతి విసురుతాడు, రిసీవర్లు పరుగెత్తి అందుకుంటారు. డిఫెన్స్‌లో సాధారణంగా నలుగురు క్వార్టర్‌బ్యాక్ మీదికి ఉరుకుతారు, మిగతా ఏడుగురు పాస్‌ను అడ్డుకుంటారు. మనిషికొకరు చొప్పున వెంటపడితే మ్యాన్ కవరేజ్, మైదానాన్ని పంచుకుంటే జోన్. వెనక లోతున ఇద్దరుంటే కవర్ 2, ముగ్గురుంటే కవర్ 3.

ఇక అసలు సంగతి. మ్యాన్‌లో డిఫెండర్ చూపంతా రిసీవర్ మీదే, వీపు క్వార్టర్‌బ్యాక్ వైపు. బంతి గాల్లోకి లేచిన సంగతి అతనికి ఆలస్యంగా తెలుస్తుంది. జోన్‌లో కళ్లు క్వార్టర్‌బ్యాక్ మీదుంటాయి. భుజం తిరగగానే కాలు కదులుతుంది. బంతి వేగం సెకనుకు 20–25 మీటర్లు. 20 గజాల పాస్‌కు సెకను కన్నా కాస్త తక్కువే పడుతుంది, చేయి ఎత్తి విసిరే వ్యవధి కలిపితే సుమారు సెకను. ఆలోపు చురుకైన డిఫెండర్ నాలుగు మీటర్లు కదలగలడు, చేయి చాపితే ఇంకో మీటరు. అంటే ఎటు చూసినా అయిదు మీటర్లు అతని అధీనంలోనివే. మైదానం వెడల్పు దాదాపు 49 మీటర్లు. కవర్ 2లో లోతున ఉన్న ఇద్దరు పోగా ముందు వరుసలో అయిదుగురు, తలా పది మీటర్లు. లెక్క అచ్చంగా సరిపోయింది! అతను కాస్తున్నది ఖాళీ చోటును కాదు, బంతి గాల్లో ఉన్నంతసేపట్లో తాను చేరగలిగినంత మేరను. క్రికెట్‌లో కవర్స్ ఫీల్డర్ కాసేదీ బ్యాటర్‌ను కాదు, బంతి వచ్చే దారినే కదా.

కవర్ 3లో ముందు వరుసలో నలుగురే, తలా పన్నెండు మీటర్లు. అక్కడే సందులు పడతాయి. జోన్ అంటే నిర్ణీత స్థానానికి వెళ్లి నిలబడటమేనని నమ్మిన కోచ్‌లు ఇక్కడే దెబ్బతిన్నారు. 1980లలో శాన్‌ఫ్రాన్సిస్కో 49ఎర్స్ కోచ్ బిల్ వాల్ష్ సరిగ్గా ఈ సందుల్లోకే పొట్టి పాస్‌లు వేయించి వాళ్లను హడలగొట్టాడు.

లోతున తంటా ఇంకోటి. నలుగురు రిసీవర్లు ఒక్కసారిగా నేరుగా పరుగెత్తితే కవర్ 3లో వెనకున్నది ముగ్గురే. 1994 సీజన్‌లో క్లీవ్‌లాండ్ బ్రౌన్స్‌ను పిట్స్‌బర్గ్ స్టీలర్స్ మూడుసార్లు ఓడించింది. అప్పటి బ్రౌన్స్ డిఫెన్స్ కోఆర్డినేటర్ నిక్ సేబన్‌ను వేధించింది ఈ నాలుగు నిలువు పరుగులే. జట్టు హెడ్ కోచ్ బిల్ బెలిచిక్‌తో కలిసి ఆయన పట్టుకున్న విరుగుడు ప్యాటర్న్ మ్యాచింగ్: మొదలు జోన్‌లాగే. లోపలి రిసీవర్ నిలువుగా పోతే ముందు వరుస డిఫెండర్ అతని వెంటే లోతుకు పరుగెత్తాలి. రిసీవర్ పక్కకు తిరిగితే తోటివాడికి అప్పగించాలి. జోన్ ఆరంభం, మ్యాన్ ముగింపు. ఆధునిక డిఫెన్స్‌లో ఇంత అందమైన ఆలోచన మరొకటి లేదు!

కవర్ 2లో లోతున కాసే ఇద్దరు సేఫ్టీల మధ్య ఖాళీని టాంపా బే కోచ్‌లు టోనీ డంజీ, మాంటీ కిఫిన్ వేరే దారిలో మూశారు. ముందు వరుస మధ్యలో ఉండే లైన్‌బ్యాకర్‌ను వెనక్కి పరుగెత్తించారు. దానికి మూలం 1970ల స్టీలర్స్‌లో ఉంది, డంజీ ఆడిన జట్టే అది. ఈ ఎత్తుగడ పేరే టాంపా 2. ఆ డిఫెన్స్‌తోనే 2003 జనవరిలో సీజన్ ఫైనల్ అయిన సూపర్ బౌల్‌లో టాంపా బే జట్టు బకనీర్స్ అయిదు పాస్‌లు లాక్కుని, మూడింటిని టచ్‌డౌన్లు చేసి, 48–21తో రైడర్స్‌ను మట్టికరిపించింది.

చూసేవారికి చిట్కా: ఆట మొదలయ్యే ముందు లోతున మధ్యలో ఒక్కడే ఉంటే కవర్ 3 కావచ్చు, ఇద్దరుంటే కవర్ 2 కావచ్చు. డిఫెన్స్ కావాలనే వేషం మారుస్తుంది కనుక చివరి క్షణం దాకా చూడాలి. అయితే టీవీ కెమెరా బంతికే అతుక్కుపోయి వెనకున్న సేఫ్టీలను తెర దాటిస్తుంది. ఆటలో సగం తెలివి అక్కడే ఉంది. ప్రసారకర్తలు ప్రతి పాస్‌కూ పైనుంచి మైదానమంతా ఒక్కసారైనా చూపించి తీరాలి.