తొడమీద పుట్టే పట్టుదారం

బిలాస్‌పూర్ నుంచి రాయపూర్ వెళ్ళే రైలుమార్గంలో బిల్హా ఒక చిన్న పట్టణం. అదే మార్గాన బిలాస్‌పూర్ దాటి తూర్పుగా ప్రయాణిస్తే చాంపా వస్తుంది. దేశమంతటా ‘కోసా’ పేరుతో ప్రసిద్ధి చెందిన పట్టుకు ఆ ఊరు పుట్టినిల్లు వంటిది. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుంచీ ఉద్యోగరీత్యా వచ్చి బిలాస్‌పూర్ ప్రాంతంలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఈ మాట కొత్తది కాదు. తెలుగునాట దసలి పట్టు అనేది దీనినే. తెలంగాణలోని మహదేవపూర్, చెన్నూరు అడవులలోనూ ఈ పట్టుగూళ్ళు పండుతాయి.

పట్టు అనగానే మల్బరీ తోటలూ, ఇంటిలోపల తట్టలలో పెరిగే పురుగులూ గుర్తుకు వస్తాయి. కోసా పురుగు అలాంటిది కాదు. నల్లమద్ది, తెల్లమద్ది ఆకులు తింటూ ఎండకూ వానకూ ఓర్చి ఆరుబయటనే పెరుగుతుంది. పక్షులూ చీమలూ దానిని కాజేయకుండా పెంపకందారు చెట్లకింద కావలి కాయవలసి ఉంటుంది. అది కట్టుకునే గూడు చిన్న కోడిగుడ్డంత ఉండి, గట్టి పెంకులా ఉంటుంది. దానికొక కాడ, ఆ కాడ కొమ్మను పట్టుకొని వేలాడుతూ ఉంటుంది.

ఇంత గట్టి గూటినుంచి పోగు తీయడమెలా? ముందుగా సోడా కలిపిన నీటిలో గూళ్ళను ఉడికించి మెత్తబరుస్తారు. ఆ తరువాతి పని స్త్రీలది. నాలుగైదు గూళ్ళ పోగులను ఒకటిగా లాగి, వట్టి తొడమీద అరచేతితో రుద్ది పురి పెడతారు. పురి పడిన దారాన్ని రెండవ చేత్తో చుట్టుకుంటారు. గంటల తరబడి ఇలా రుద్దితే చర్మం ఒరుసుకుపోతుంది. మానితే పూట గడవదు.

చాంపా మగ్గాలమీద ఈ దారం తేనెరంగు చీరలుగా మారుతుంది. అక్కడి నేతగాళ్ళలో అధికులు దేవాంగన్ కులస్థులు. మన దేవాంగులను తలపించే పేరు. చాంపా పట్టుచీరలకు భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. ఊరికి పేరు వచ్చింది, చీరకు పేరు వచ్చింది. దారం తీసిన స్త్రీ పేరు మాత్రం ఎక్కడా కనిపించదు.

ఈ అనామకత్వం ఒక్క చాంపాకే పరిమితం కాదు. దక్షిణ అమెరికాలోని చిలీ దేశంలో గోనెపట్టామీద గుడ్డపీలికలు కుట్టి బొమ్మలు చేసే కళ ఉన్నది. ‘అర్పియేరా’ అంటారు దానిని. ఆ దేశపు ప్రఖ్యాత గాయని వియొలెటా పార్రా ఇటువంటి చిత్రాలు కుట్టగా, 1964లో అవి పారిస్‌లోని లూవ్ర్ సౌధంలో ప్రదర్శింపబడ్డాయి. 1973లో సైనిక ప్రభుత్వం వచ్చాక, తమవారు అదృశ్యమైన స్త్రీలెందరో తమ దుఃఖాన్ని అదే విధంగా గుడ్డమీద కుట్టారు. వారిలో అనేకులు పేరు పెట్టలేదు, పెడితే ప్రాణభయం. చాంపా స్త్రీలకు ఆ భయం లేదు. వారి పేరు ఎవరూ అడగలేదు, అంతే.

బాధ తగ్గించే ప్రయత్నం జరగకపోలేదు. కేంద్ర పట్టు మండలికి చెందిన బెంగుళూరు పరిశోధన సంస్థ, చాంపాకు చెందిన ఒక పారిశ్రామికుని సహకారంతో ‘బునియాద్’ అనే యంత్రాన్ని రూపొందించింది. తొడమీద దారం తీసే పద్ధతిని పూర్తిగా మాన్పించాలని 2019లో కేంద్ర జౌళిశాఖ సంకల్పించి, స్త్రీలకు ఇటువంటి యంత్రాలు అందజేయించింది. యంత్రంతో దారం నునుపుగా, త్వరగా వస్తుంది. కూలీ పెరిగేందుకూ వీలుంటుంది.

చేతిదారంతో నేసిన కోసా వస్త్రంలో అక్కడక్కడ పోగు లావెక్కి, సన్నబడి ఉంటుంది. కొనేవారు ఆ ఎగుడుదిగుడునే సహజమైన అందమని మెచ్చుకుంటారు. దానికి కారణం పురుగు మాత్రమే కాదు. అలసిన ఒక అరచేయి కూడా. ఆ అందం కోసం ఆమె చర్మం ఒరుసుకుపోవాలని ఎవరూ కోరరాదు. యంత్రం ఆమె నొప్పిని తీర్చగలదు. దారం తీయడం కూడా కళేనని గుర్తించి, నేతగాని పేరు ప్రక్కన ఆమె పేరునూ చేర్చడం మాత్రం మనుషులు చేయవలసిన పని.